బస్తా దించండి

మేస్త్రి ఫోను చేసినప్పుడు కార్ఖానాలో రంపం మిషను తిరుగుతోంది. అది కలపను కోస్తూ, పనిలో పనిగా ఫోనులోని మాటల్ని కూడా కోస్తోంది. మేస్త్రి ఒక చెవిలో వేలు దూర్చుకుని, రెండో చెవికి ఫోను అదిమిపెట్టి అరిచాడు.

"బస్తా ఉన్నాడా అండీ? పనిలోకి ఎప్పుడొస్తాడు?"

అవతల ఫోనెత్తింది బస్తా మేనత్త. సాయానికని వచ్చి ఆ ఇంట్లో ఉంటున్న ఆవిడకు ఫోను మీద బొత్తిగా నమ్మకం లేదు. మాట అంతదూరం నడిచి వెళ్లాలన్నట్టు ఒక్కో ముక్కా విడివిడిగా, దమ్ము పట్టి వదులుతుంది.

"వాడికి కడుపు కోశారు నాయనా. కోసి చిన్నది చేశారు. సగం పైగా పోయింది. మనిషి మంచం దిగట్లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఎవర్నీ రావొద్దన్నాడు."

రంపం తన వాటా తాను కోసుకోగా మేస్త్రి చెవిన పడింది ఇది: "వాడికి కడుపుకోత నాయనా... చిన్నది... పోయింది. మనిషి మంచం దిగట్లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఎవర్నీ రావొద్దన్నాడు."

చిన్నదంటే బస్తా కూతురు. వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక్కతే కూతురైనా పేరు మాత్రం చిన్నది. ఇంట్లో పెద్దది అనే పదవి తన పొట్టకు దక్కిందని బస్తాయే పదిమందిలో చెప్పి నవ్వించేవాడు.

మేస్త్రి వెళ్లి రంపం ఆపాడు. వేళ కాని వేళ ఆ చప్పుడు ఆగిందంటే ఎవరి వేలో తెగిందని లెక్క. అందరూ తలలెత్తారు.

"బస్తాకి కడుపుకోత. చిన్నది పోయిందట. ఎవరికీ చెప్పొద్దన్నాడు," అన్నాడు మేస్త్రి. అందుకే విడివిడిగా ఎవరికీ చెప్పకుండా అందరికీ ఒకేసారి చెప్పాడు.

బస్తా అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, కార్ఖానా పెట్టింది. కుర్చీలు చేసే కార్ఖానా అది. అక్కడ అతని పని పాలిష్ పట్టడం, హోదా మాత్రం కూర్చోవడం. కుర్చీ తయారై నాలుగు కాళ్ల మీద నిలబడగానే మేస్త్రి "బస్తా దించండి" అని కేక పెడతాడు. మిషన్లు ఆగుతాయి. బస్తా వచ్చి, చేతులు దులుపుకుని, దభీమని కూర్చుంటాడు. కుడికి ఒరుగుతాడు, ఎడమకు ఒరుగుతాడు, ముందుకాళ్లు లేచేదాకా వెనక్కి వాలుతాడు. తర్వాత కళ్లు మూసుకుని వింటాడు. చెక్క ఎక్కడైనా మూలిగితే "ఏడుస్తోంది, విప్పండి" అంటాడు. మూలగకపోతే లేచి, కుర్చీని బోర్లించి, అడుగున గుండ్రటి ముద్ర కొడతాడు. ఆ ముద్ర పడని కుర్చీ గుమ్మం దాటదు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా కుర్చీ అందం చూడరు, తిరగేసి దాని అడుగు చూస్తారు.

నిలబడి సంపాదించేవాళ్లు ఊరంతా ఉంటారు, కూర్చుని సంపాదించేవాణ్ని నేనొక్కణ్నే అని బస్తా అంటుండేవాడు.

అలాంటివాడికి మోకాళ్లు మొరాయించాయి. షుగరు చేరింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే పక్కన భార్య మేలుకుని కూర్చునేది. డాక్టరు బొమ్మ గీసి చూపించి, కడుపులో ఇంత భాగం కోసి తీసేస్తాం, మిగిలింది అరటిపండంత ఉంటుంది, దానితోనే బతకాలి అన్నాడు. బస్తా తల ఊపాడు. కానీ మనసులో ఒకటే భయం పట్టుకుంది. పొట్ట పోసుకుంటున్నదే ఈ పొట్టతో. డాక్టరు పొట్ట కోస్తాడు, అది తెలిస్తే ఓనరమ్మ పొట్ట కొడుతుంది. బరువు లేని బస్తాను కూర్చోబెట్టి ఎవరు మేపుతారు? పాలిష్ పట్టడానికి ఇంకెవరైనా దొరుకుతారు. అందుకే "ఇంట్లో పని ఉంది" అని సెలవు పెట్టి, ఆ పనేమిటో ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నాడు. మేనత్త తన ఒట్టును అదిగో, ఫోనులో అలా నిలబెట్టుకుంది.

కోత బాగానే అయింది. నొప్పి వచ్చింది, పోయింది. పోతూ పోతూ మిగతావాటిని కూడా వెంట తీసుకుపోయినట్టుంది. ఆకలి లేదు. తిన్న తృప్తి లేదు. తినలేదన్న బాధ కూడా లేదు. భార్య చిన్న కప్పులో సూపు పోసి ముందు కూర్చునేది.

"ఎలా ఉందండీ?"

"ఏది?"

"సూపు."

"వేడిగా ఉంది."

"నేనడిగింది రుచి."

"అదే చెప్పాను."

 అతను చెంచా చప్పరిస్తుంటే ఆమె గోడ మీది గడియారం వైపు చూసేది. తొందరపడి మింగితే లోపల ఇరుక్కుని చెమటలు పోస్తాయని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఒకరోజు ఎవరింట్లోనో పుట్టినరోజని పంపిన కేకు ముక్క కనబడితే పాత అలవాటున నోట్లో వేసుకున్నాడు. గుండె దడదడలాడి, కాళ్లు వణికి, స్నానాల గది నేల మీద చల్లటి గచ్చుకు చెంప ఆనించి చాలాసేపు పడుకున్నాడు. అప్పుడు కూడా కేకు మీద కోపం రాలేదు, తన మీదా రాలేదు. గచ్చు చల్లగా ఉంది అనుకున్నాడు, అంతే.

"ఒరేయ్, గిన్నె ఊడ్చి తినేవాడివి, చెంచాడుకే చాలంటున్నావు," అంది మేనత్త. "కోసిన ముక్క వాళ్లేం చేసుకున్నార్రా?"

"దాచుకుని ఉంటారత్తా."

"అడిగి తెచ్చుకోవాల్సింది. మనదే కదా."

ఈ మాటకు మునుపటి బస్తా అయితే ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు గుమ్మం దాకా వచ్చి, ఆగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. జోకులు నోటికి అలవాటైపోయి వాటంతట అవే వస్తున్నాయి. తను మాత్రం పక్కన నిలబడి వింటున్నాడు.

ఒళ్లు తగ్గుతూ పోయింది. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడిచాడు, తర్వాత ఇంకొకటి. వేలి ఉంగరం సబ్బునురగతో జారిపోతే భార్య తీసి అలమరాలో పెట్టింది. అద్దంలో చూసుకుంటే పెద్ద దిండుగలీబులో చిన్న దిండు తొడిగినట్టుంది. బస్సులో ఇదివరకు అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, కూర్చోవడానికి పక్క అనేది ఉండేది కాదు. ఇప్పుడు ఎవరో వచ్చి కూర్చుని, భుజం మీద తలవాల్చి నిద్రపోయారు. సంతోషించాల్సిన విషయమని అతనికి తెలుసు. తెలియడం వరకే జరిగింది.

చిన్నది ఫోను చేసేది. "నాన్నా, ఫొటో పంపావుగానీ నవ్వలేదేంటి?"

"నవ్వానే. ఫొటోలో పడలేదు."

"అంత చిక్కిపోయావా, నవ్వు కూడా కనబడనంతగా?"

"చిక్కానమ్మా. నాకే ఎక్కడా చిక్కట్లేదు," అన్నాడు. అది జోకనుకుని అమ్మాయి నవ్వింది.

పనిలోకి వెళ్లిన రోజు బస్తా చొక్కా మీద చొక్కా వేసుకున్నాడు, పైన ఒక కోటు తొడిగాడు. లోపలి గుట్టు బయటపడకుండా ఉండాలని. గుమ్మంలో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. మూల బల్ల మీద రోజంతా వాగే రేడియో మూగగా ఉంది. పాడైందేమో అనుకున్నాడు. గోడవారగా పిల్లల కుర్చీలు వరుసగా ఉండేవి, వాటి మీద ఎవరో దుప్పటి కప్పేశారు. అతనటు చూస్తుంటే మేస్త్రి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"వచ్చావా," అన్నాడు.

"వచ్చాను."

"చిక్కిపోయావు." ఆ ఒక్క మాట అని, అనకూడనిది అన్నట్టు నాలుక కరుచుకున్నాడు. "కూర్చో. వద్దులే, నీ ఇష్టం."

వీళ్లకు తెలిసిపోయింది అనుకున్నాడు బస్తా. చిన్న కుర్చీల సంగతి కూడా అర్థమైనట్టే అనిపించింది. ఇక నీ లెవెలు పిల్లల కుర్చీలే అని వాటిని సిద్ధం చేసి, మొహం మీద చెప్పలేక కప్పిపెట్టారు.

మధ్యాహ్నం, అతనితోపాటు పాలిష్ పట్టే పాలిష్ అక్క పక్కన కూర్చుని డబ్బా విప్పింది. అతను తన డబ్బాలోంచి మెత్తగా మెదిపిన గుడ్డు రెండు చెంచాలు తిని మూత పెట్టేశాడు. ఆమె అది చూసి మొహం తిప్పుకుంది.

"తినబుద్ధి కాదులే అన్నా. ఎలా అవుతుంది," అంది.

బస్తా డబ్బాను ఒళ్లోకి లాక్కున్నాడు. "నీకెలా తెలుసు?"

"మా ఇంట్లోనూ జరిగింది. మొదట్లో ఇలాగే ఉంటుంది. ఏదీ తెలియదు. తర్వాత తర్వాత అలవాటవుతుంది."

"డాక్టరు కూడా అదే అన్నాడు."

"డాక్టర్లు ఏం చెయ్యగలరు అన్నా, చెయ్యి దాటిపోయాక."

చెయ్యాల్సిందంతా డాక్టరే చేశాడు కదా అనుకున్నాడు బస్తా. కానీ అడిగితే మాట పెరుగుతుంది, మాట పెరిగితే సీటు దాకా వస్తుంది. డబ్బా కడగడానికి లేచాడు.

సాయంత్రం ఓనరమ్మ తన గదిలోకి పిలిచింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బస్తా, నేనేమీ అడగను. నువ్వు ఉండగలిగినంత కాలం ఉండు. నీ సీటు ఎక్కడికీ పోదు," అంది. ఉండగలిగినంత కాలం అన్న ముక్కొక్కటే అతని వెంట ఇంటికి వచ్చింది.

కార్ఖానావాళ్ల లెక్క ఒకటి, అతని లెక్క ఇంకొకటి. వాళ్లు జాలితో నోరు మూసుకున్నారు, అతను భయంతో మూసుకున్నాడు. రెండు మూతలూ ఒకే డబ్బాకు సరిగ్గా సరిపోయాయి. పిల్ల పోయి సగమైన మనిషిని పట్టుకుని "నీ బరువు చాలట్లేదు, లేవయ్యా" అని ఎవరంటారు? అలా అనడం కంటే కుర్చీ విరగడం నయమనుకునే మనుషులు వాళ్లు. ఎవరి మనసులో లేకపోయినా, చివరికి అదే జరిగింది.

కుర్చీ తయారైనప్పుడల్లా మేస్త్రి ఇప్పుడు కేక పెట్టడం మానేశాడు. దగ్గరికి వచ్చి, గుసగుసగా, "బస్తా దించుదామా" అనేవాడు. బస్తా వెళ్లి కూర్చునేవాడు. దభీమన్న చప్పుడు లేదు. కుడికి, ఎడమకు, వెనక్కి. కళ్లు మూసుకుని వినేవాడు. చెక్క ఏమీ అనలేదు. ఒకటి కాదు, అన్నీ అంతే. ఏ కుర్చీ మూలగలేదు, ఏ కుర్చీ ఏడవలేదు. అతని కడుపులో ఎంత నిశ్శబ్దమో కుర్చీల్లోనూ అంతే నిశ్శబ్దం. ఇన్నేళ్లలో ఇన్ని మంచి కుర్చీలు వరసగా రావడం జరగదని అతనికి తెలుసు. ఇదివరకు బరువు, బాధ్యత కలిసి కూర్చునేవి. ఇప్పుడు బాధ్యత ఒక్కటే కూర్చుంటోంది, దానికి కాళ్లు కూడా నేలకు ఆనట్లేదు.

అయినా లేచి, బోర్లించి, ముద్ర కొట్టేవాడు.  కొట్టేటప్పుడు లోపల ఏమీ కాలేదు.

ఆ కుర్చీల్లో కొన్ని ఒక గ్రంథాలయానికి వెళ్లాయి. ఒకరోజు పొద్దున్నే వ్యాను వాటినన్నిటినీ వెనక్కి తెచ్చి దించింది. అన్నిటికంటే చివర, కాలు ఊడిన కుర్చీ ఒకటి. ఓనరమ్మ దాన్ని కార్ఖానా మధ్యలో పెట్టించి అందర్నీ పిలిచింది.

"పేపరు చదువుకోవడానికి వచ్చిన మనిషట," అంది. "భారీ మనిషి. కూర్చోగానే కాలు ఊడింది. నడుం పట్టేసి లేవలేకపోతే నలుగురు లేపారు. పక్కనున్నవాళ్లు నవ్వారట. ఆయన కూడా నవ్వాడట. మళ్లీ ఆ గ్రంథాలయానికి రానని వెళ్లిపోయాడట."

ఆయన కూడా నవ్వాడు అన్న చోట బస్తా లోపల ఏదో కదిలింది. ఎక్కడో చెప్పడం కష్టం, కోసిన చోటు మాత్రం కాదు. చాలా ఏళ్ల కింద ఒక విందులో నలుగురి మధ్యా అతని కింద కుర్చీ విరిగింది. పడ్డవాడు పడ్డచోటే ఉండి అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎందుకంటే అప్పుడు చెయ్యగలిగింది అదొక్కటే. ఆ తర్వాతే ఈ కార్ఖానాకు పాలిష్ పనికి వచ్చి, ఎవరూ అడక్కుండానే ప్రతి కుర్చీలోనూ కూర్చోవడం మొదలుపెట్టాడు. తనలాంటివాడు ఎక్కడో ఒకచోట నిర్భయంగా కూర్చోవాలని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అడిగితే కూర్చుని సంపాదిస్తున్నానని జోకు వేసేవాడు.

ఓనరమ్మ కాలు ఊడిన చోటు చూపించింది. "ఇక్కడ జిగురు పట్టలేదు. ఎవరి పని?"

"నాదే మేడం," అన్నాడు మేస్త్రి. "తొందరలో, జిగురు ఆరకముందే, బిగించిన క్లాంపు తీశాను."

"ముద్ర ఉంది కదా దీని మీద?"

"ముద్ర సంగతి వదిలెయ్యండి మేడం. తప్పు నాది. బస్తాను ఏమీ అడక్కండి."

"అయితే రేపటి నుంచి కుర్చీలు నువ్వు ముట్టుకోకు. ముక్కాలి పీటలు చేసుకో."

తల పండిన మేస్త్రికి అది చెంపదెబ్బ. అయినా తల వంచుకుని సరేనన్నాడు. అందరూ బస్తా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు.

బస్తా వెళ్లి, వెనక్కి వచ్చిన కుర్చీల్లో ఒకదాన్ని లాగి కూర్చున్నాడు. కుడికి, ఎడమకు, వెనక్కి. చప్పుడు లేదు. తర్వాత కోటు విప్పాడు, దాని కింద చొక్కా విప్పాడు, మిగిలిన చొక్కాతో నిలబడ్డాడు. గోడవారన ఇసుక సంచులున్నాయి, జిగురు వేసిన పలకలు లేవకుండా మీద పెట్టే బరువులు. వాటిలో పెద్దది ఒకటి రెండు చేతులా ఎత్తి, ఊగుతూ తెచ్చుకుని, ఒళ్లో పెట్టుకుని మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

కుర్చీ కీచుమంది. వెనక్కి వాలగానే కాలి దగ్గర అతుకు నోరు తెరిచింది.

"ఏడుస్తోంది," అన్నాడు బస్తా. చాలా రోజుల తర్వాత ఆ మాట. "మేస్త్రి జిగురు తప్పే మేడం. కానీ మేస్త్రి తప్పు చెయ్యొచ్చు, అందుకే కదా నేనుంది. ఆపాల్సినవాణ్ని నేను. నాకు ఆపేంత బరువు లేదు, ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. చెబితే సీటు పోతుందని చెప్పలేదు. పీటలు ఆయనకెందుకు, పంపితే నన్ను పంపండి."

 సంచి అతని తొడల మీద బరువుగా, చల్లగా ఉంది. తనలోంచి పోయినదంతా తిరిగి వచ్చి ఒళ్లో కూర్చున్నట్టుంది.

పాలిష్ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "బరువు పోక ఏమవుతుంది బస్తా. అంత దుఃఖం మోస్తూ పనిలోకి వచ్చావు, అదే ఎక్కువ. మాకు అంతా తెలుసు."

"నాకు తెలుసు మీకు తెలుసని. ఎవరు చెప్పారు?"

"మీ అత్త. ఫోనులో."

"అత్తా? ఒట్టు వేసింది."

"చెప్పకుండా ఎలా ఉంటుంది, కడుపుకోత మాటలా? పిల్లను ఎత్తుకుని తిరిగాం మేము కూడా."

"పిల్లనా? పిల్లకేమైంది?"

మేస్త్రి ఓనరమ్మ వైపు చూశాడు. ఓనరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "చిన్నది పోయింది కదా బస్తా," అంది, గొంతు తగ్గించి.

"ఎక్కడికి?"

 బస్తా సంచిని దించకుండానే జేబులోంచి ఫోను తీసి కూతురికి కలిపి, గట్టిగా వినబడేలా పెట్టాడు.

"ఏంటి నాన్నా, క్లాసులో ఉన్నాను."

"నువ్వు పోయావట."

"ఎక్కడికి?" అంది అమ్మాయి. తండ్రీకూతుళ్లు ఒకే మాట అన్నారు.

మేస్త్రి అక్కడే, రంపపు పొట్టులో చతికిలబడ్డాడు. అతనికి కుర్చీ తెచ్చివ్వాలని ఎవరికీ తోచలేదు, చుట్టూ అన్నీ కుర్చీలే ఉన్నా. వెనకనున్నవాళ్లకు వినబడలేదు, ముందున్నవాళ్లకు అర్థం కాలేదు. అందుకని బస్తా మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. మోకాళ్లు, షుగరు, డాక్టరు గీసిన బొమ్మ, అరటిపండంత మిగిలిన కడుపు. చొక్కా ఎత్తి కుట్ల గుర్తులు చూపించాడు. మేస్త్రి తన ఫోనులో మేనత్తకు కలిపితే ఆవిడ ఒక్కో ముక్కా విడివిడిగా, "నేను కడుపు, కోశారు, అని చెప్పాను. చిన్నది, చేశారు, అన్నాను. పోయింది సగం కడుపు. నా మాటలో తేడా లేదు, మీ రంపంలో ఉంది" అని తేల్చేసింది.

"అయితే ఆ దుప్పటి?" అన్నాడు బస్తా గోడవారకు చూసి.

"చిన్న కుర్చీలు చూస్తే నీకు పిల్ల గుర్తొస్తుందని," అంది పాలిష్ అక్క.

"రేడియో?"

"చావు ఇంటివాడు వస్తుంటే పాటలు పెడతామా?"

బస్తా కాసేపు ఆ దుప్పటి వైపే చూశాడు. కళ్లు తడిసినట్టున్నాయి, చెక్కపొట్టు పడిందేమోనని రుద్దుకున్నాడు. పొట్టు పడలేదు.

ఓనరమ్మ ఊడిన కాలును ఎత్తి మేస్త్రి చేతికిచ్చింది. "జిగురు ఆరేదాకా క్లాంపు తియ్యకు. బస్తా, ఆ సంచి ఎవరూ ముట్టుకోకుండా నీ దగ్గరే పెట్టుకో. చాలకపోతే ఇంకోటి కుట్టిస్తాను. ఆ గ్రంథాలయం పెద్దమనిషిని నువ్వే వెళ్లి పిలుచుకురా, ఆయన కూర్చున్నాకే ఈ కుర్చీల లాటు కదులుతుంది."

బస్తా చేతిలోని ఫోను ఇంకా ఆగలేదు. "నాన్నా, నాకేమీ అర్థం కాలేదు. పోయింది నేనా, నీ పొట్టా?" అంది అమ్మాయి.

"నా పొట్టే."

"మరి అలా చెప్పు అందరికీ. మేస్త్రి మావయ్యా, వింటున్నావా? పొట్ట పోయింది కాబట్టి ఇప్పట్నుంచి ఇంట్లో నేనే పెద్దది."

మేస్త్రి లేచి పొట్టు దులుపుకున్నాడు. అప్పుడే టీ తెచ్చిన దుకాణం మనిషి ఈ గుంపు చూసి ఏమైందని అడిగితే, రంపం ఆపి ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, ఒక్కో ముక్కా విడివిడిగా చెప్పాడు.

"ఏమీ కాలేదు. ఎవరూ పోలేదు. మా బస్తాకి కడుపు, ఆపరేషన్, అయింది."